పత్తికుప్ప మీది గోల్‌కీపర్

దసరా దాటి చలి మొదలయ్యాక, కరీంనగర్ బైపాస్ మీద నా స్కూటర్‌ను దాటుకుంటూ ఏదో ఒక పత్తి లారీ పోతుంది. ఒళ్ళంతా ఉబ్బించుకుని, రోడ్డుకు రెండు వైపులా తుమ్మచెట్లకు తెల్లగడ్డాలు అంటించుకుంటూ అది పోతుంటే పచ్చిగింజ వాసనా, ఎండిన ఆకుపొడి వాసనా, తడిసిన గోనెపట్టా వాసనా కలిసి ముక్కులో దూరతాయి. వెంటనే నా అరచేతులకు చెమట పడుతుంది. యాభై దాటి, బీపీ మాత్ర మింగే మనిషి పత్తికి భయపడటమేమిటని మీరడగవచ్చు. చెప్తాను. దానికి ముందు ఒక మాట. నేను పెంచి చెప్పే మనిషిని. నేను పులి అంటే మా ఆవిడ పిల్లి అని అర్థం చేసుకుంటుంది, మా అమ్మాయి ఆ పిల్లిని కూడా తీసేసి ఖాళీ గోడ మిగులుస్తుంది. మీరూ మీకు తోచినంత తరుగు తీసుకుని చదవండి. ఇందులో పెంచినవి చాలా ఉన్నాయి గానీ, బొత్తిగా పుట్టించింది ఒక్కటే. అదేదో చివర్లో నేనే ఒప్పుకుంటాను.

మా బాపు భైంసాలో ఒక జిన్నింగ్ మిల్లులో పత్తి తూచే కాంటా దగ్గర పనిచేసేవాడు. మిల్లు ప్రహరీకి వీపు ఆనించుకుని మా రెండు గదుల ఇల్లు. పత్తి దిగే రోజుల్లో తెల్లవారకముందే ఎడ్ల గంటలు మొదలయ్యేవి. సగం తెలుగు, సగం మరాఠీ మాట్లాడే రైతులు బండ్ల మీదే ముసుగు తన్ని పడుకుని, బీడీ వెలిగించుకోవడానికి మాత్రం గేటు బయటికి పోయి, నిప్పును పామును చంపినట్టు చెప్పుతో నలిపి లోపలికి వచ్చేవారు. ఆవరణలో కుప్ప రోజురోజుకూ పెరిగేది. దాని కొసకు మబ్బులు తగులుకుని అక్కడే వాన కురిసి పోయేవని నేను చాలామందికి చెప్పాను. మా ఇంట్లో పప్పులో పత్తి, కడివెడు నీళ్ళలో పత్తి. అవ్వ, అంటే మా అమ్మ, చేసిన సకినాన్ని విరిస్తే లోపల దారం సాగేది, జొన్నరొట్టె తింటుంటే మధ్యలో ముక్కు చీదుకోవాల్సి వచ్చేది.

ఆ కుప్పంటే నాకు ప్రాణభయం. ఒక లేగదూడ అందులో దిగబడిపోయిందనీ, అది బొంబాయిలో బేలు విప్పినప్పుడు గానీ బయటపడలేదనీ అవ్వ చెప్పింది. పిల్లలు దాని మీదికి ఎక్కకుండా చెప్పిన మాట అది. నేనైతే నమ్మాను. కళ్ళు మూసుకుంటే చాలు, తెల్లటిది ఏదో నోట్లోకీ ముక్కులోకీ మెత్తగా వచ్చి చేరుతున్నట్టుండేది.

ఆ కుప్ప మీదికి పక్షిలా ఎగిరి పడేవాడు మా మామ గంగారాం. అవ్వకు తమ్ముడు, మా ఇంట్లోనే ఉండి మిల్లులో బేళ్ళు మోసేవాడు. ఒంగకుండానే మోకాలు గోక్కోగలిగినంత పొడుగు చేతులు. మిల్లు ఇంజను మిస్త్రీ హమీద్ సాబ్ ఆ చేతులు చూసి ముచ్చటపడ్డాడు. గడ్డానికి మెహందీ కంటే గ్రీజే ఎక్కువ పట్టిన ఆ పెద్దమనిషి వయసులో ఉన్నప్పుడు హైదరాబాదులో ఫుట్‌బాల్ ఆడాడు. హమాలీలందరినీ పోగేసి ఒక టీం తయారు చేశాడు. అమావాస్యకు మిల్లు బందు. సేటు బాసర సరస్వతమ్మ దర్శనానికి జీపెక్కగానే కుప్ప అడుగున రెండు వెదురుబొంగులు పాతేవారు. నేను తన్నాలి, మామ ఎగరాలి.

"డరో నక్కో గంగారాం," అని ధైర్యం చెప్పేవాడు హమీద్ సాబ్. "గోల్‌కీపర్ అంటె పడేటోడు. పడుడు నేర్చుకో, బాల్ దానంతటదే దొరుకుతది."

మామ పడ్డాడు. కుడికి పడ్డాడు, ఎడమకు పడ్డాడు, ఎగిరి మధ్యలో దిశ మార్చుకుని కూడా పడ్డాడని నా వాదన. పడ్డ ప్రతిసారీ నిలువునా మునిగిపోయేవాడు. తల బయటికి వచ్చేదాకా నేను ఊపిరి బిగబట్టుకునేవాణ్ని, తెల్లటి కనుబొమలతో నవ్వుతూ లేచేవాడు. అంత గొప్పగా పడేవాణ్ని చూసి మురిసిపోయాం గానీ, లోకంలో గోలు స్తంభాల పక్కన పత్తి ఉండదన్న సంగతి మిల్లు మొత్తంలో ఒక్కరికీ తట్టలేదు.

హోళీ దాటింది. పత్తి అయిపోయింది. ఊరి బయట నల్లరేగడి చేనులో మొదటి మ్యాచ్. ఎండకు నేల కాళ్ళు దూరేంత పగుళ్ళు విచ్చి ఇటుకబట్టీలా ఉంది. మొదటి బంతికే మామ అలవాటుగా ఎగిరాడు. పడ్డప్పుడు వచ్చిన చప్పుడు, ఎండిన సొరకాయను బండకేసి కొట్టినట్టు, ఇప్పటికీ నా చెవిలో ఉంది. భుజం ఎముక విరిగింది. ఈ ఒక్క విషయంలో నేనేమీ పెంచలేదు.

వెదురుబద్దలతో, కోడిగుడ్డు సొనతో కట్టు కట్టారు. ఎముక అతికింది. వానాకాలంలో మళ్ళీ పెరట్లో బంతి తన్నమన్నాడు. ఎదురుగా తంతే పట్టాడు, నెత్తిమీదికి తంతే పట్టాడు. మూలకు తంతే మాత్రం, పోతున్న చుట్టాన్ని సాగనంపినట్టు, నిలబడి చూశాడు. మళ్ళీ తన్నాను, మళ్ళీ చూశాడు. తర్వాత వచ్చి నా పక్కన గద్దె మీద కూర్చున్నాడు.

"ఒళ్ళంత సల్లవడుతదిరా అల్లుడా. బాల్ కనవడుతది. చెయ్యి పోతది. కాళ్ళే నేలను ఇడుస్తలేవు. ఎవ్వలకు చెప్పకు."

నేను ఎవరికీ చెప్పలేదు. అంత పొడుగు మనిషికి భయమేయడం చూశాక నాకు వేసిన భయం ఎంతని కొలిచేందుకు బాపు కాంటా కూడా సరిపోదు.

అప్పటికే పెద్దమామ దుబాయి నుంచి తమ్ముడికి వీసా పంపాడు. పెద్దమామ పోయినప్పుడు నన్ను సంకన వేసుకుని తిరిగేవాడట. మళ్ళీ వచ్చినప్పుడు నన్ను చూసి, వీడు ఎవలి పిల్లగాడని అవ్వను అడిగాడు. గంగారాం మామ కూడా పోతే, తిరిగొచ్చి నన్ను అదే అడుగుతాడు. అన్నం ముందు కూర్చున్నా అదే ఆలోచన. అవ్వ సంగతీ అంతే, రొట్టె కొడుతూ కొడుతూ ఆగిపోయేది.

"ఒక్కడు పోయిండు, సాలదా. వీన్ని గూడ ఇసుకల పారేసుకోవాల్నా," అంది ఒకరోజు పొయ్యితో.

హమీద్ సాబ్ దగ్గర ఇంకో దారి ఉంది. హైదరాబాదులో ఆటగాళ్ళకు ఉద్యోగమిచ్చి ఆడించుకునే ఒక ఆఫీసు టీంకు గోల్‌కీపర్ కావాలి. వానలు తగ్గాక కరీంనగర్‌లో జరిగే పోటీలకు వాళ్ళు మనిషిని వెతుక్కుంటూ వస్తున్నారు. నచ్చితే మామకు జీవితాంతం కొలువు, నచ్చకపోతే దుబాయి విమానం. అంతే.

కరీంనగర్ గ్రౌండ్ అంతా ఎర్రమొరం. చెప్పుల్లేకుండా నడిస్తే అరికాళ్ళు జల్లెడయ్యేవి. ఎదుటి టీం బొగ్గుబావుల వాళ్ళది. వాళ్ళ ముందువరస ఆటగాడు బంతిని తంతే అది పోయి కాకిని తీసుకుని వచ్చేదని అన్నారు (అన్నది నేనే). హైదరాబాదు పెద్దలు షామియానా కింద మజ్జిగ తాగుతున్నారు. మామ అదృష్టం, ఆట పొడుగునా బంతులన్నీ ఎదురురొమ్ముకే వచ్చాయి. ఎవరికీ అనుమానం రాలేదు. నేను గోలు వెనకాల కూర్చుని, అవ్వ కట్టిచ్చిన పల్లీలు తినకుండా పిడికిట్లోనే పిండి చేశాను.

ఆఖర్న, ఇంకా ఎవరికీ గోలు పడకముందే, వాళ్ళకు పెనాల్టీ దొరికింది. ఆ కాకి మనిషి బంతిని పెట్టి వెనక్కి నడుస్తున్నాడు. మామ పిక్కలు వణకడం నాకు వెనక నుంచి కనబడుతోంది. స్తంభం పక్కకు పాకాను. మామా, హమీద్ సాబ్ రాత్రే గీడ తవ్విచ్చి పత్తి బోపిచ్చిండు, మీదికెల్లి మొరం గప్పిండు, నువ్వు పడు, నీకేం గాదు అని చెప్పాను. మామ ఒక్కసారి కింద నేలను చూశాడు.

బంతి కుడిమూలకు పోయింది. మామ కాళ్ళు నేలను విడిచాయి. వేళ్ళ కొసలకు తగిలి బంతి స్తంభం అవతల పడింది, మామ ఇవతల పడ్డాడు. అదే చప్పుడు. ఎర్రటి దుమ్ము లేచి మనిషి కనబడకుండా పోయాడు. దుమ్ము తేలిపోయినా లేవలేదు. నాలో గుండె అనేదొకటి ఉండేదని అది ఆగినప్పుడే నాకు తెలిసింది. తర్వాత మోచేతుల నుంచి రక్తం కారుతుంటే, ఎర్ర కనుబొమలతో లేచి, నావైపు తిరిగి కన్ను కొట్టాడు.

దుబాయి పోలేదు. హైదరాబాదు పోయి ఉద్యోగం చేసినంత కాలం గోలులోనే నిలబడ్డాడు. పండగలకు వచ్చినప్పుడల్లా ఒక్కో వేలు వంకర తిరిగి ఉండేది. కొన్నేళ్ళకు ఒకటి బాసరవైపు, ఒకటి జైనూర్ గుట్టలవైపు, బొటనవేలు నేరుగా మహారాష్ట్రవైపు చూపించేవి. పెళ్ళినాడు ఉంగరం ఎక్కక పురోహితుడికి చెమటలు పట్టాయి. ఆయన ఆడుతున్నాడని తెలిస్తే చాలు, ఆ సాయంత్రం నేను మాత్రం ఏ రేడియో దగ్గరికీ పోయేవాణ్ని కాదు.

ఈమధ్య భైంసాలో చుట్టాల పెళ్ళికి ఇద్దరం కలిసి పోయాం. మిల్లు ఉన్నచోట ఇప్పుడు ఫంక్షన్ హాలు. ఎడ్ల గంటలు లేవు, కుప్ప లేదు, ముక్కులో దూరే పోగు లేదు. హమీద్ సాబ్ ఎప్పుడో పోయాడు. మామ నున్నటి టైల్స్ మీద చేతికర్రతో టకటకా కొట్టి చూసి, "గిప్పటి పోరగాండ్లు పడుడు యాడ నేర్చుకుంటరురా అల్లుడా," అన్నాడు.

ఇక, నేను పుట్టించింది. ఆ పత్తి అబద్ధం నేను చెప్పింది కాదు. నాకంత ధైర్యమెక్కడిది? పెనాల్టీ అనగానే స్తంభం పట్టుకుని, పడకు మామా, పడకు, దుబాయి పోతే పోదువుగాని అని వెక్కివెక్కి ఏడుస్తున్నాను. మామే వెనక్కి తిరిగి, వణుకుతున్న ఆ కాళ్ళతోనే చెప్పాడు.

"ఏడ్వకురా. హమీద్ సాబ్ రాత్రే గీడ పత్తి బోపిచ్చి మొరం గప్పిండు. నాకేం గాదు."

నేను నమ్మాను. కళ్ళు తుడుచుకున్నాను. ఆట అయిపోయి అందరూ మామను భుజాల మీద తిప్పుతుంటే, ఆ పత్తి చూద్దామని ఆయన పడ్డచోట కూర్చుని గోళ్ళతో తవ్వాను. మొరం. దాని కింద మళ్ళీ మొరం. గోళ్ళు చిట్లేదాకా తవ్వినా ఒక్క పోగు దొరకలేదు. అరచేతులకు చెమట పట్టింది అప్పుడే.