ఎండొస్తే పోయే నెట్టు

ఆ రోజుల్లో మా ఊళ్ళో ఇంటర్నెట్ ఆకాశం నుంచి వచ్చేది. ఈ మాట ఇప్పుడు చెబితే పిల్లలు నా వైపు జాలిగా చూస్తారు. కానీ కాగజ్‌నగర్ నుంచి అడవి వైపు బస్సులో గంటసేపు కుదుపులు తింటే వచ్చే ఊరు మాది. ఫోన్‌లో నాలుగు మాటలు మాట్లాడాలంటే వాగు మీది వంతెన దాకా నడిచి, అక్కడ రెయిలింగు పట్టుకుని ఒక పక్కకు వంగి నిలబడాలి. మిగతా ఊరంతా అలాగే వంగి మాట్లాడేది. నేను మాత్రం వంగేవాణ్ణి కాదు. మాది దొరల ఇల్లు. దొరతనం నేను పుట్టకముందే పోయింది, ఇల్లు నేను చూస్తుండగా సగం కూలింది, మిగిలిన సగంలో బాపు (మా నాన్న), బాపమ్మ (ఆయన్ను కన్నతల్లి), నేను ఉండేవాళ్ళం. అవ్వ, అంటే మా అమ్మ, నా చిన్నప్పుడే పోయింది. భూములు పోయినా నిటారైన వెన్నూ, కొన్ని నియమాలూ మాకు మిగిలాయి. వాటిలో బాపమ్మ ప్రాణంగా చూసుకునే నియమం ఒకటుంది: మా ఇంటి బట్టలు బజారుకు కనబడకూడదు. వెనకట దండేల నిండా పట్టుచీరలు ఆరినప్పుడు దిష్టి తగులుతుందని ఆ నియమం పెట్టారట. ఇప్పుడు ఆరేవి నాలుగే కనుక, ఆ నాలుగూ ఎవరి కంటా పడకూడదని దాన్ని మరింత గట్టిగా పాటించేవాళ్ళం.

డిగ్రీ చేతికొచ్చాక నాకు ఉద్యోగం ఒకటి ఎదురుచూస్తూనే ఉంది, బాధ అదే. ఊరి బయట పత్తి మిల్లులో కాంటా దగ్గర గుమస్తాగా కూర్చోమని మిల్లు సేటు బాపుకు కబురు పెట్టాడు. మంచి మనిషే, ప్రేమగానే అడిగాడు. కానీ వాళ్ళ తాత మా ఇంటి పత్తిని తూచినవాడు. మా పత్తిని తూచిన ఇంటివాళ్ళు ఇక నన్ను తూస్తారా అని నేను అన్నం మానేశాను (ఒక పూటే, రాత్రి తిన్నాను). అప్పుడే హైదరాబాదులో ఒక సంస్థ, ఇంట్లోనే కూర్చుని పిల్లల పాఠ్యపుస్తకాలను దిద్దే మనుషులు కావాలని ప్రకటన వేసింది. నా పాలిట దేవుడే వేసినట్టు అనిపించింది. గుమస్తాగా ఉంటాను గానీ ఊరివాళ్ళకు కనబడను, బట్టల నియమం నాకూ వర్తిస్తుంది. వీడియోలో ఇంటర్వ్యూ చేస్తామన్నారు. మొదటిసారి కుదరకపోతే మళ్ళీ అవకాశం ఇస్తామనీ అన్నారు. మిల్లు సేటును మాత్రం దసరా దాకా ఆగమని బాపు బతిమాలుకున్నాడు. దసరా నాడు నేను కాంటా దగ్గరైనా కూర్చోవాలి, లేదా ఈ కంప్యూటరు ముందైనా కూర్చోవాలి.

అలా మా మిద్దె మీదికి ఉపగ్రహం గొడుగు ఎక్కింది. దానికోసం ఇంట్లో మిగిలిన ఇత్తడి గంగాళాన్ని అమ్మేశాం. బాపమ్మ వాకిట్లో నిలబడి తలెత్తి చాలాసేపు చూసి, "గంగాళం పోయి మూతొచ్చిందిరా ఇంటి మీదికి" అన్నది. మంచిర్యాల నుంచి వచ్చి దాన్ని బిగించిన మనిషికి మా ఊరు 'డిగ్రీల సారు' అని పేరు పెట్టింది, ఎందుకంటే ఆయన మాట్లాడినప్పుడల్లా రెండు డిగ్రీలు ఇటు, డిగ్రీ అటు అనేవాడు. ఉపగ్రహం దక్షిణాన, నెత్తికి కొంచెం కిందగా ఉంటుందని, దానికీ గొడుగుకూ మధ్య చెట్టూ గోడా ఏదీ అడ్డం ఉండొద్దని చెప్పి, మిద్దె మీద పొద్దంతా నీడపడని చోటు ఒక్కటి వెతికి అక్కడ నిలబెట్టాడు. గొడుగు ముందుకు ఒక ఇనుప చెయ్యి పొడుచుకొచ్చి, దాని కొసన పిడికెడు ముక్క ఒకటి ఉండేది. గొడుగు పళ్ళేన్ని ఎవరూ ముట్టుకోవద్దని గట్టిగా చెప్పాడు. నేను పళ్ళేన్ని ముట్టుకోలేదు, ఎవరినీ ముట్టుకోనివ్వలేదు. ఆ విషయంలో నా మీద ఎవరూ మాట అనలేరు.

ఇంకో సంగతి కూడా చెప్పిపోయాడు. మాట ఇక్కడినుంచి ఆకాశానికి ఎక్కి, అక్కడినుంచి దిగాలి కాబట్టి కొంచెం ఆలస్యమవుతుంది, అవతలివాళ్ళ మాట పూర్తయ్యేదాకా ఆగి మాట్లాడాలి, లేకపోతే ఇద్దరి మాటలూ గుద్దుకుంటాయి. ఇది విని బాపు మొదటిసారి ఆ యంత్రాన్ని మెచ్చుకున్నాడు. "మంచిదే గదరా. దొర ఎన్నడన్న అడగంగనే జవాబిచ్చిండా?" అన్నాడు. నాకూ నచ్చింది. వెంటనే బదులివ్వకుండా ఒక క్షణం గంభీరంగా చూడటం మా వంశంలో పుట్టుకతో వచ్చిన విద్య. ఇన్నాళ్ళకు దాన్ని వాడుకునే యంత్రం దొరికింది.

తర్వాత మొదలైంది పరేషానీ. నెట్టు పొద్దున ఉండేది కాదు, మధ్యాహ్నం వచ్చేది. ఒక్కో రోజు పొద్దున కూడా ఉండేది. ఏ రోజు ఉంటుందో, ఏ రోజు ఉండదో అర్థమయ్యేది కాదు. కస్టమర్ కేర్‌కు ఫోన్ చేయడానికి వంతెన దాకా వెళితే, వాళ్ళు మోడెం తీసి మళ్ళీ పెట్టమనేవారు, దాని ముందు ఏ లైటు వెలుగుతోందో చూడమనేవారు. మోడెం ఇంట్లో, నేను వంతెన మీద. ఇంటికొచ్చి చూసి, మళ్ళీ వెళ్ళి చెప్పేవాణ్ణి. ఈలోపు అక్కడ మనిషి మారి, మళ్ళీ మొదటినుంచి అడిగేవాళ్ళు. వానా మబ్బూ ఉంటే సిగ్నల్ పోతుందని వాళ్ళు చెప్పారు. సరేనని నేను రోజూ ఆకాశాన్ని గమనించడం మొదలుపెట్టాను. మబ్బు పట్టిన నాడు నెట్టు చక్కగా నడిచింది. ముసురు పడుతుంటే ఇంకా బాగా నడిచింది. ఎండ ఫెళ్ళున కాసిన రోజే పొద్దున్నుంచి పోయింది. ఈ మాట చెబితే అవతలి అమ్మాయి కాసేపు మాట్లాడలేదు (అది ఉపగ్రహం ఆలస్యం కాదు, మామూలు ఫోనే). తర్వాత, "సార్, మీరు తిరగేసి చెప్తున్నట్టున్నరు" అన్నది. నేను ఎప్పుడూ తిరగేసి చెప్పనని, మా ఇంట్లో అలాంటి అలవాటు లేదని చెప్పి ఫోన్ పెట్టేశాను.

డిగ్రీల సారును పిలిపిస్తే మధ్యాహ్నం బస్సుకు దిగేవాడు, మా ఊరికి మంచిర్యాల మనిషి చేరేది ఆ బస్సుకే. ఆయన మిద్దె ఎక్కేసరికి నెట్టు పరుగులు పెట్టేది. మర్యాద కోసం ఒక డిగ్రీ జరిపి, చాయి తాగి, "గిదేం విచిత్రం సార్, నేనొస్తే మంచిగైతది" అని వెళ్ళేవాడు. మర్నాడు పొద్దున ఎండ, మళ్ళీ నెట్టు లేదు. నేను చేయనిది లేదు. ఫొటోలు రాకుండా ఆపేశాను. పెద్ద ఫైళ్ళన్నీ జనం వాడని వేళల్లో దింపుకున్నాను. కరెంటు హెచ్చుతగ్గులకు స్టెబిలైజరు పెట్టాను. తీగ ఎక్కడైనా ఎలుక కొరికిందేమోనని మిద్దె నుంచి కంప్యూటరున్న కచేరి గది దాకా వేళ్ళతో తడిమి చూశాను. చివరికి ఆ పళ్ళేనికి ఎండ దెబ్బ తగులుతోందని, వేడెక్కి సొమ్మసిల్లుతోందని నాకు నేనే తేల్చుకున్నాను. బాపమ్మకు ఈ సిద్ధాంతం చాలా సబబుగా తోచింది. తనకూ అంతేనన్నది.

మొదటి ఇంటర్వ్యూ నాడు ఎండ. కచేరి గదిలో, ఒకప్పుడు జనం చేతులు కట్టుకుని నిలబడ్డ చోట, నేను కంప్యూటరు ముందు చేతులు కట్టుకుని కూర్చున్నాను. తెర మీద చక్రం తిరుగుతూనే ఉంది. మధ్యాహ్నం నెట్టు వచ్చాక చూస్తే, ఇంటర్వ్యూ చేయాల్సిన మేడంగారి ఉత్తరం ఉంది: ఫర్వాలేదు, మరోసారి ప్రయత్నిద్దాం. రెండోసారి కూడా పొద్దున పదింటికే, ఆనాడు కూడా ఎండే. ఈసారి ఉత్తరంలో 'ఫర్వాలేదు' లేదు, 'ఆఖరిసారి' ఉంది. ఆ సాయంత్రం పత్తి మిల్లు మీదుగా నడుస్తుంటే కాంటా పక్కన కొత్త కుర్చీ వేసి కనబడింది. నాకోసమే వేశారో లేదో నేను అడగలేదు. కొండగట్టు అంజన్నకు మాత్రం ఆ రోజు ఒక్కటే మొక్కుకున్నాను, వాన పడాలని. పత్తి తీసే ముందు వాన కోరుకున్న మనిషి మా జిల్లా మొత్తంలో నేనొక్కడినే అయి ఉంటాను.

అంజన్న విన్నాడు. రెండు రోజుల ముందే పట్టిన ముసురు మూడో ఇంటర్వ్యూ నాడు తెల్లవారినా ఆగలేదు. నెట్టు నిండుగా వచ్చింది. తెల్లంగి వేసుకుని కూర్చున్నాను. అంగీల సంగతి ఇక్కడ చెప్పాలి. నాకు మంచివి రెండే ఉండేవి, రెండూ తెల్లవే. గడప దాటినా దాటకపోయినా రోజూ తెల్లంగే వేసేవాణ్ణి. ఒకటి ఒంటి మీద ఉంటే, రెండోదాన్ని స్నానం చేసేటప్పుడు ఉతికి, గంజి పెట్టి ఆరేసేవాణ్ణి. వాన ఉంటే లోపల దండెం మీద, ఎండ ఉంటే మిద్దె మీద. ఆరేయడం, ఆరగానే తీసేయడం, ఆ పనంతా నేనే చేసుకునేవాణ్ణి, బజారుకు తెలియకుండా. అంతే, పెద్ద సంగతేం కాదు.

మేడంగారు తెర మీద కనబడ్డారు. పెద్దావిడ, కళ్ళజోడు ముక్కు మీదికి జార్చుకుని చూసేవారు. ఆమె అడిగిన ప్రతిదానికీ నేను క్షణం ఆగి, గంభీరంగా చూసి, జవాబిచ్చాను. ఆలోచించి మాట్లాడతారే అని ఆమె మెచ్చుకున్నారు. ఆకాశమూ నా వంశమూ కలిసి పనిచేస్తున్నాయని నాకు ధైర్యం వచ్చింది. ఒక పాఠం చదివి అందులో తప్పులు చెప్పమన్నారు. మొదటి తప్పు చెబుతుండగా కిటికీలోంచి నా చేతి మీద సన్నగా ఎండ పడింది. రెండో తప్పు చెప్పాను. మూడోది చెప్పబోతుంటే మేడంగారు కళ్ళజోడు సర్దుకుంటూ చెయ్యెత్తి, ఆ చెయ్యి అలాగే ఉండగా బిగుసుకుపోయారు. చక్రం తిరగడం మొదలుపెట్టింది.

నేను ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు (వంశంలో మొదటిసారి). మూలనున్న బాపు పెద్ద నల్ల గొడుగు లాక్కుని, పళ్ళేనికి ఎండ తగలకుండా పట్టాలని మిద్దె మెట్లు రెండేసి ఎక్కాను. పైన గొడుగు తెరిచి తిరిగేసరికి, ఇనుప చేతి మీద తడితడిగా నా రెండో తెల్లంగి వేలాడుతోంది. దాని పక్కన బాపమ్మ నిలబడి, నీళ్ళు కారుతున్న తన ఎర్రంచు చీరను అదే ఇనుప చేతి మీద నాలుగు మడతలుగా సర్దుతోంది. కొసనున్న పిడికెడు ముక్క ఆ మడతల కింద ఎక్కడుందో కనబడటం లేదు.

"ఎండొచ్చింది గదా బిడ్డా. నీ అంగి సుత ఆరేసిన. రెండొద్దులాయె, నా చీర లోపట వాసనొస్తాంటె మళ్ళ జాడిచ్చిన. నువ్వు రోజు గీడనే ఆరేస్తవు గదా, మంచి జాగ" అన్నది.

తెరిచిన గొడుగును పక్కన పడేశాను. పొద్దంతా నీడపడని చోటు మిద్దె మీద ఒక్కటే ఉంది. దాన్ని డిగ్రీల సారు ఉపగ్రహం కోసం వెతికి పట్టుకున్నాడు, నేను అంగీ కోసం వెతికి పట్టుకున్నాను. పళ్ళేన్ని ముట్టుకోవద్దన్నాడు, ముట్టుకోలేదు. చెయ్యి ఎందుకుందో చెప్పలేదు, నేను అడగలేదు. అది హ్యాంగరు తగిలించడానికే దేవుడు చేసినట్టు ఉండేది. తడి బట్ట గోడతో సమానమట, ఆరితే ఏ అడ్డమూ ఉండదట. ఇవన్నీ తర్వాత తెలుసుకున్నవి. అప్పుడు తెలిసింది ఒక్కటే, ఆ చీర అక్కడినుంచి లేవాలి.

అంగీని లాగి చంకలో పెట్టుకున్నాను, చీరను లాగాను. "యాడ ఆరేస్తవురా మరి?" అంది బాపమ్మ. మిద్దె మీద మిగిలిన చోటు బజారు వైపు పిట్టగోడ ఒక్కటే. ఇద్దరం దాని వైపు చూశాం. కింద బజారు, బజారులో జనం. కాంటా పక్కన వేసిన కుర్చీ నా కళ్ళ ముందు కదిలింది. చీర కొస పట్టుకుని పిట్టగోడ మీంచి బజారు మీదికి విసిరాను. ఎర్రంచు చీర మా ఇంటి ముఖం మీద తోరణంలా జారింది. బాపమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నేను చూడటానికి ఆగలేదు.

కిందికొచ్చేసరికి మేడంగారి చెయ్యి దిగింది. "ఏమైందండీ, ఎక్కడికి వెళ్ళారు?" అని అడిగారు. వాన అనొచ్చు, కరెంటు అనొచ్చు. ఆయాసంతో నాకు ఒక్క అబద్ధం కూడా తట్టలేదు. "మా బాపమ్మ చీర ఆరేసి వచ్చాను మేడం" అన్నాను. ఆ మాట ఆకాశానికి ఎక్కింది. అక్కడ తిరిగి హైదరాబాదులో దిగాలి. ఆమె ముఖంలో ఏ మార్పూ లేదు. మా తాతముత్తాతలు జనాన్ని అలా ఎదురుచూడనిచ్చినప్పుడు ఆ జనానికి ఎలా ఉండేదో నాకు ఆ క్షణంలో తెలిసింది. అప్పుడు ఆమె కళ్ళజోడు తీసి, కళ్ళు తుడుచుకుంటూ నవ్వడం మొదలుపెట్టారు. "మూడో తప్పు చెప్పండి" అన్నారు, నవ్వు ఆగాక.

దసరాకు నేను కాంటా దగ్గర కూర్చోలేదు. కానీ ఇంటర్వ్యూ నాడు పాఠం పూర్తయి బయటికొచ్చేసరికి మా గుమ్మంలో జరుగుతున్నది నాకు వెంటనే అర్థం కాలేదు. ఎదురింట్లో కుట్టుమిషన్ పెట్టుకున్నామె రోడ్డు దాటి వచ్చి నిలబడి ఉంది. మా ఇంటి పరువు పోవడం చూడటానికి వచ్చిందనుకుని వెన్ను నిటారు చేశాను. ఆమె తలెత్తి చీర అంచునే చూస్తూ, "దొరసానీ, గిసొంటి అంచు ఇప్పుడు యాడ దొరుకుతలేదు. యాడ కొన్నరు?" అని అడుగుతోంది. బాపమ్మ, ఎవరితోనూ గుమ్మం ముందు నిలబడి మాట్లాడని మనిషి, అరుగు మీద కూర్చుని ఆ చీర కథ మొదలుపెట్టింది. అది నేనూ ఎప్పుడూ వినలేదు. ఎవరూ అడగలేదు కాబట్టి ఆమె చెప్పలేదు. చీర కనబడలేదు కాబట్టి ఎవరూ అడగలేదు.

ఆ మర్నాటినుంచి బాపమ్మ మిద్దె మీద నా ఇనుప చేతి జోలికి రాలేదు. ఎండ వస్తే చాలు, పాత పెట్టెలోంచి ఒక చీర తీసి, ఉతకవలసిన పని లేకపోయినా తడిపి, బజారు వైపు పిట్టగోడ మీద వేసేది. తర్వాత కిందికొచ్చి అరుగు మీద కూర్చునేది, ఎవరో ఒకరు ఆగి అడిగేదాకా. నెట్టు ఎండలోనూ వానలోనూ నడిచింది. డిగ్రీల సారు తను జరిపిన ఆఖరి డిగ్రీ పనిచేసిందని చాలాకాలం చెప్పుకున్నాడు, నేను కాదనలేదు.

ఇప్పుడు నేను కరీంనగర్‌లో మూడో అంతస్తులో ఉంటున్నాను. నెట్టు గోడలోంచి వస్తుంది, దానికి ఎండావానా తెలియవు. బాపమ్మ లేదు. ఎర్రంచు చీర నా దగ్గరే ఉంది. తెల్లంగీలు ఇప్పుడు చాలా ఉన్నాయి, వాటిని బజారు వైపు బాల్కనీలోనే ఆరేస్తాను. ఆరేసినప్పుడల్లా వెన్ను దానంతటదే నిటారవుతుంది, ఎవరైనా చూస్తున్నారేమోనని ఓరకంట కిందికి చూస్తాను. ఎవరూ చూడరు, అందరికీ తలలు ఫోన్లలో ఉంటాయి. అయినా క్లిప్పు పెట్టేశాక వెంటనే లోపలికి పోబుద్ధి కాదు. ఎవరో ఒకరు తలెత్తి, అంగి మంచిగుంది, యాడ కొన్నవ్ అని అడుగుతారేమోనని కాసేపు అక్కడే నిలబడతాను.