కత్తెర బాబాయి కూతురి పేరు

ఆ వీధిలో అందరూ అతన్ని కత్తెర బాబాయి అనేవాళ్ళు. రెండు తిరిగే కుర్చీలు, గోడ నిండా అద్దం, మూలుగుతూ తిరిగే ఫ్యాను, వెనక రెండు గదుల కాపురం. అదీ అతని సెలూన్. చెయ్యి ఎంత చురుకో నోరు అంతకు రెండింతలు చురుకు. పెళ్ళయిన చాలా ఏళ్ళకి కూతురు పుట్టేసరికి మనిషి కాలు నేల మీద నిలవలేదు.

"నా కూతురి పేరుకి గొప్ప అర్థం ఉండాలి. ఎవరైనా అడిగితే, చెప్పడానికి నాకు కాసేపు పట్టాలి!" అని ప్రకటించాడు.

ఇక మెడకి గుడ్డ చుట్టిన ప్రతివాడికీ మొదటి ప్రశ్న అదే. గొంతు దగ్గర కత్తి పెట్టి అడిగితే చెప్పకేం చేస్తారు? లెక్కల మాస్టారు 'నీహారిక' అన్నారు. నీహారం అంటే మంచు అట. ఆకాశంలో నక్షత్రాల మధ్య మబ్బులా కనిపించేదాన్నీ నీహారిక అంటారట. బాబాయి మురిసిపోయి ఆయన తల రెండోసారి దువ్వాడు. ఇంట్లో చెబితే అత్తగారు కంగారుగా లేచింది.

"నీ హారమా? ఎవరి హారం పోయింది బాబూ?"

టైలరు 'మేధ' అన్నాడు. మేధ అంటే తెలివి.

"రేపు పరీక్షలో సున్నా వస్తే పిల్ల మొహం ఎక్కడ పెట్టుకుంటుందండీ?" అంది భార్య.

'ప్రశాంతి' అనుకున్న క్షణంలోనే పిల్ల ఇల్లు ఎగిరిపోయేలా కేకలు పెట్టింది. ఆ పేరు అక్కడితో సరి. చివరికి 'లేఖ' దగ్గర ఆగాడు.

"లేఖంటే ఉత్తరం కదూ? చెల్లెలు పుడితే దక్షిణం అని పెడదామా?" అంది భార్య.

బాబాయికి ఉక్రోషం వచ్చింది. మర్నాడు పొద్దున షాపు ఓనరు గడ్డం గీయించుకోవడానికి వచ్చి కూర్చున్నాడు. ఆయన కాపురం మేడ మీదే. చూస్తే ముందు మీసం కనిపిస్తుంది, తర్వాతే మనిషి. బాబాయి నురగ రాసి, లేఖ ఎంత మంచి పేరో చేతులు తిప్పుతూ వాదిస్తున్నాడు. చెయ్యి ఓ తిప్పు ఎక్కువ తిరిగింది. సగం మీసం గుడ్డ మీద పడింది.

ఓనరు అద్దంలోకి వంగి మూతి తడిమి చూసుకున్నాడు.

"రెండోది కూడా తీసెయ్. ఒంటి మీసంతో మెట్లెలా ఎక్కను?" అన్నాడు ఓనరు, ఏడవలేక.

ఆయన పైకి వెళ్ళిన కాసేపటికి మేడ మీంచి నవ్వు మొదలైంది. ఓనరు భార్యది. "పెళ్ళైనప్పటి నుంచీ ఈ మూతి నా దగ్గర దాచిపెట్టారా!" అంటూ పొట్ట పట్టుకుని నవ్వుతోంది. పోనుపోను ఓనరు గొంతు కూడా కలిసింది. వెనక గదిలో అత్తగారు, భార్య కూడా ఆపుకోలేకపోయారు. వాళ్ళ ఊపుకి ఒళ్ళో ఉన్న పిల్ల ఏడుపు ఆపి, బోసినోరు తెరిచి మొదటిసారి నవ్వింది.

"హాసిని అని పెడదామండీ. నవ్వే పిల్ల అని అర్థం," అంది భార్య.

ప్రాణం కుదుటపడ్డా బాబాయికి ఓ లోటు మిగిలింది. "రెండు మాటల్లో అయిపోయిందేమిటే?"

"మీసం సంగతి కూడా కలిపి చెప్పండి. కావలసినంత సేపు పడుతుంది."

అలాగే చెప్పాడు, ఏళ్ళ తరబడి, కుర్చీలో కూర్చున్న ప్రతివాడికీ. పిల్ల బడిలో చేరింది. క్లాసులో ముగ్గురు హాసినులు తేలారు. టీచరు ఒకర్ని పొడుగు హాసిని, ఒకర్ని కళ్ళజోడు హాసిని, ఈ పిల్లని సెలూన్ హాసిని అంటోందట. బాబాయి చేతిలో కత్తెర పక్కన పెట్టాడు.

"నీకు బాధగా లేదా తల్లీ?"

"బాధెందుకు నాన్నా?" అంది పిల్ల, ఖాళీ కుర్చీ ఎక్కి గిర్రున తిరుగుతూ. "వాళ్ళ నాన్నల దగ్గర ఇలాంటి కుర్చీ లేదుగా!"