పిట్ట కనబడితే నరసరాజు గారు

నరసరాజు గారికి పిట్ట కనబడితే చాలు, దానికా రంగు ఎలా వచ్చిందో పక్కనున్నవాళ్లకు చెప్పి తీరాలి. పక్కన ఎవరూ లేకపోతే పిట్టకే చెబుతారని మా ల్యాబులో అనుకునేవాళ్లం.

మాది జిన్నారం దగ్గర బట్టల రంగులు తయారుచేసే చిన్న ఫ్యాక్టరీ. ఆయన అక్కడ సీనియర్ కెమిస్టు. ఎప్పుడో కోస్తా నుంచి ఉద్యోగానికి వచ్చి పటాన్‌చెరులో స్థిరపడ్డారు. పగలంతా రంగు డ్రమ్ముల మధ్య తిరిగే మనిషి సాయంత్రమైనా ఆ గొడవ మరిచిపోవాలి కదా. ఆయన మరిచిపోరు సరికదా, కరెంటు తీగ మీది పిట్టను చూపించి, "మనం చేసేవి నాలుగు ఉతుకులకే వెలిసిపోతాయండీ. అది చూడండి, వానలో తడిసినా చుక్క దిగదు" అనేవారు.

నేను ఆయన బండి వెనకే కూర్చుని డ్యూటీకి పోయేవాణ్ణి. ఒకసారి నడిరోడ్డు మీద బ్రేకు వేశారు. పంచరైందనుకుని దిగాను. కాదు, వేపచెట్టు మీద పసుపు ముద్దలాంటి పిట్ట ఉంది. ఆ పసుపు దాని ఒంట్లో పుట్టదట. తిన్న పండ్లలోంచీ పురుగుల్లోంచీ వచ్చి ఈకల్లో చేరుతుందట. నలుపూ గోధుమరంగూ అయితే మెలనిన్ అనే రంగు పదార్థం, అది ఒంట్లోనే తయారవుతుందట. వెనక ట్యాంకరు డ్రైవరు హారన్ మోగిస్తూ హిందీలో ఆయన వంశాన్ని తలుస్తున్నాడు. నరసరాజు గారు తాపీగా అతనికీ పిట్టను చూపించారు. అతను తల బయటపెట్టి కాసేపు చూసి, ఎక్కడిదాకా తిట్టాడో మరిచిపోయి వెళ్లిపోయాడు.

దసరాకు మా ఇంటికి భోజనానికి పిలిస్తే ఇంకో ముచ్చట జరిగింది. ఊరంతా పాలపిట్టకు దండం పెట్టుకుంటుంటే, ఆయన మా అమ్మను ఆపి, దాని రెక్కలో నీలం రంగనేదే లేదన్నారు. ఈక లోపలి సన్నటి అల్లిక మీద వెలుగు పడి అలా కనిపిస్తుందనీ, మెత్తగా నూరితే మట్టిరంగు పొడే మిగులుతుందనీ వివరించారు. మా అమ్మ ఓపిగ్గా విని, "మంచిది సారు. గని పండుగ పూట పిట్టను నూరుడెందుకు?" అంది.

క్యాంటీనులో కోడిగుడ్డు పెట్టిన రోజు ఆయన వచ్చేలోపే అందరం తినేసేవాళ్లం. లేకపోతే పచ్చసొన పాలిపోయిందనీ, ఆ కోడికి మక్కజొన్న తక్కువ పెట్టారనీ పాఠం మొదలయ్యేది.

ఫ్యాక్టరీ గేటు ఎదురుగా మల్లమ్మ చాయ్ హోటలు ఉంది. ఆమె కొడుకు శ్రావణ్‌కుమార్ మా బాయిలర్ దగ్గర పనిచేస్తాడు. అతనికీ మా ల్యాబులో పనిచేసే జోగిపేట పిల్ల మహితకూ పెళ్లి మాటలయ్యాయి. సరిగ్గా ఆ రోజుల్లోనే ఒక కాకి హోటలు ముందు వాలడం మొదలుపెట్టింది. దాని ఒక రెక్కలో ఈకలు సున్నం కొట్టినట్టు తెల్లగా ఉన్నాయి. పెళ్లి ముందర అపశకునమని మల్లమ్మ దాని మీద నీళ్లు చల్లి తరిమేది.

ఇక నరసరాజు గారిని పట్టేవాళ్లు లేకపోయారు. పూటపూటా ఆ కాకి పాఠమే. ఆ ఈకలకు మెలనిన్ అందలేదు, అంతే. రోజూ దానితో కలిసి తిరిగే కాకుల్లో ఒక్కటైనా తెల్లబడిందా అని అడిగేవారు. ఈ సారు కాకి ముచ్చట అయ్యేసరికి తన చాయ్ కషాయమవుతోందని మల్లమ్మ నాతో మొత్తుకునేది. ఇంకో పిట్టేదీ దొరకలేదా అని నేను ఆయన్నే అడిగాను. "ఇంకా ఇది అవలేదండీ" అన్నారు.

కొన్నాళ్లకు మల్లమ్మ నీళ్లు చల్లడం మానేసింది. తర్వాత బన్ను ముక్క వేయడం మొదలుపెట్టింది. ఒక మధ్యాహ్నం లారీ క్లీనరెవరో కాకి మీదికి రాయి ఎత్తితే, ఆమె గరిటె పట్టుకుని బయటికొచ్చింది.

"కొట్టకు. దానికేం రోగం లేదు. రంగు అందలేదు, గంతే. ముట్టుకుంటె అంటుకునేది గాదు."

ఆ మాట విని నరసరాజు గారు చాయ్ సగంలో వదిలేసి లోపలికి పోయారు. మహితను వెంటబెట్టుకుని వచ్చారు. ల్యాబులో అందరం గ్లౌజులు వేసుకుంటాం, మహిత మాత్రం బయటికొచ్చినా తీసేది కాదు. రంగు అంటుతుందని జాగ్రత్త పడుతోందేమో అనుకునేవాణ్ణి. ఆ పిల్ల మల్లమ్మ ముందు నిలబడి మెల్లగా గ్లౌజు తీసింది. వేళ్ల మీదా మణికట్టు మీదా తెల్లమచ్చలు.

"అత్తా, పెండ్లికి ముందే నీకు చెప్పాలనుకున్న. శ్రావణ్‌కు ఎరికే. నీకు ఇష్టం లేకుంటె ఇక్కడికే ఆపేద్దాం."

పొయ్యి మీద పాలు పొంగి కారుతున్నాయి. ఎప్పుడొచ్చాడో శ్రావణ్, గుమ్మం దగ్గర నిలబడ్డాడు. మల్లమ్మ ఆ చెయ్యి అందుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. తర్వాత నరసరాజు గారి వైపు చూసింది.

"ఇన్నొద్దులు కాకి కాకి అని నా పానం తిన్నది గిందుకేనా సారు?"

"కాకి గురించి చెప్పిందీ నిజమేనండీ" అన్నారాయన నేల చూస్తూ. మహిత తన భయం ముందుగా ఆయనకే చెప్పుకుందని నాకప్పుడు తెలిసింది.

మల్లమ్మ కోడలి వైపు తిరిగింది. "నొప్పి గిట్ల ఉంటదా బిడ్డా?"

"లేదత్తా."

"మరింకేంది? ఈ ఎండకు గా రబ్బరు తొడుగులెందుకు, చెయ్యి ఉడికిపోతది. తీసెయ్."

శ్రావణ్ గోడకు ఆనుకుని అలాగే కిందికి జారి కూర్చున్నాడు. మల్లమ్మ పొంగిన పాలను దించి, చాయ్ పోసి, గ్లాసు మహిత చేతిలో పెట్టింది. తర్వాత ఏదో గుర్తొచ్చినట్టు కొప్పు సవరించుకుంటూ నరసరాజు గారి దగ్గరికి వచ్చింది.

"సారు, అట్లయితె నా నెత్తి నెరిసింది గూడ ఆ మెలనిన్ అందకనేనా?"

అడగకుండా చెప్పడమే తప్ప, ఆయన్ను ఎవరైనా తమంతట తాము రంగుల గురించి ఒక మాట అడగ్గా నేనెన్నడూ చూడలేదు. నరసరాజు గారు కళ్లద్దాలు తుడుచుకుని, బెంచీ మీద మఠం వేసుకుని కూర్చున్నారు. నేను ఇంకో చాయ్ చెప్పాను.