కొత్త కంపైలర్, పోయిన కరెంటు

జావా కొత్త వెర్షన్ వచ్చిందని తెలిసిన వారానికే మా కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్ ఓనరు దాని కోర్సుకి సంతోష్‌నగర్‌లో బ్యానరు కట్టించేశాడు. అక్కడ జావా చెప్పేది నేనొక్కదాన్నే. నేనింకా దాన్ని తెరిచి చూడను కూడా లేదు. ఒళ్లు మండిపోయింది.

"నేను నేర్చుకోకముందే బ్యానరేంటండీ?" అని అడిగాను.

"ఫికర్ జేయకుండ్రి మేడం. ఆదివారం పొద్దున ఫ్రీ డెమో పెడుదం. ఈసారి గిట్ల బ్యాచ్ నిండకుంటే మాత్రం బంద్ జేసుడే," అన్నాడు.

నవ్వుతూనే అన్నాడు గానీ, బంద్ అయ్యేది నా ఉద్యోగం కూడా. శనివారమంతా కోడ్ రాసే కొత్త సింటాక్స్ ముందేసుకుని కూర్చున్నాను. నిజం చెప్పొద్దూ, ఒకే పని మళ్లీ మళ్లీ చేయించే ఆ కొత్త ఫర్ లూప్ నాకు తెగ నచ్చేసింది.

ఆదివారం గది నిండింది. ఆ లూప్ రాసి, కోడ్‌ని కంప్యూటర్‌కి అర్థమయ్యేలా మార్చే కంపైలర్‌కి ఇస్తే తెర నిండా తప్పులే. మళ్లీ చేశాను, మళ్లీ అవే. వెనక గుసగుసలు మొదలయ్యాయి. సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది.

"ఏం జేస్తం, మన దిక్కు గింతే," అని తలుపు దగ్గర నిలబడ్డ ఓనరు నిట్టూర్చాడు.

ఊరికే నిలబడలేక చేతికున్న మట్టిగాజులు చూపించాను. "ఇన్నాళ్లూ కంప్యూటర్‌కి సున్నా నుంచి మొదలుపెట్టు, ఒక్కోటీ పెంచు, చివరిది దాటకు అని చెప్పేవాళ్లం. ఇకమీదట ఈ చేతికున్న ఒక్కో గాజూ తియ్యి అంటే చాలు. లెక్క దాని గొడవ," అంటూ ఒక్కోటే తీసి బల్ల మీద పెట్టాను. గుసగుసలు ఆగిపోయాయి.

గాజులు తిరిగి తొడుక్కుంటుంటే బుర్రలో వెలిగింది. పాత కంపైలర్ తీయకుండానే కొత్తది ఎక్కించాం. నా కోడ్ పోయి ఆ పాతదాని చేతిలో పడుతోంది. దానికి ఈ కొత్త రాత ఏం తెలుస్తుంది?

"దొరికింది," అని పైకే అనేశాను. వెంటనే కరెంటు వచ్చింది. కొత్త కంపైలర్ ఎక్కడుందో మెషీన్‌కి చూపించి మళ్లీ నడిపాను. ఒక్క తప్పూ లేదు. ఎగిరి గంతేయాలనిపించింది.

క్లాసయ్యాక ఛత్రినాక నుంచి వచ్చిన ఒకమ్మాయి అందరికంటే ముందు పేరు రాయించుకుంది.

"కరెంట్ పోలే మేడం. మీ సారే మెయిన్ స్విచ్ బంద్ జేసిండు. ఎదురుంగ టైలర్ దుకాణంల ఫ్యాన్ తిరుగుతనే ఉండె," అంది మెల్లగా.

నా మొహం ఎర్రబడింది. "తెలిసి కూడా చేరుతున్నావా?"

"సారు లైట్ బంద్ జేసినా మీరు పాఠం బంద్ జెయ్యలే గదా," అంది.