పద్నాలుగు అంగుళాల మేస్త్రి

నా కుడి తుంటికీలు మారుస్తుంటే సుత్తి చప్పుడు వినబడుతూనే ఉంది. మత్తు నడుం కింద మాత్రమే ఇచ్చారు, చెవులకు ఇవ్వలేదు. నలభై ఏళ్ళుగా సుత్తి పట్టుకుని బతుకుతున్నవాణ్ణి, చప్పుడును బట్టే దెబ్బ తిన్నగా పడుతోందో పక్కకు పోతోందో చెప్పగలను. ఉండబట్టలేక తెర ఇవతలనుంచి, "కొంచెం నిదానంగా కొట్టండి డాక్టరుగారూ, చెక్క పగులుతుంది" అన్నాను. సుత్తి ఒక్క క్షణం ఆగింది. మత్తు డాక్టరు నా చేతికున్న సూదిలోకి ఇంకేదో ఎక్కించాడు. ఆ తర్వాత నా సలహాలు ఎవరికీ అందలేదు.

నేను వడ్రంగిని. నన్ను పేరుతో పిలిచేవాళ్ళు తక్కువ, 'పద్నాలుగు అంగుళాల మేస్త్రి' అంటే మాత్రం ఎవరైనా మా షాపు చూపిస్తారు. నేలనుంచి సీటు దాకా సరిగ్గా పద్నాలుగు అంగుళాలు, వెనక్కి చక్కటి వాలు, చేతులు ఉండవు. అదీ నా కుర్చీ. చూస్తే కళ్ళు తిప్పుకోలేరు, కూర్చుంటే ఒళ్ళు తిప్పుకోలేరు. వయసు మళ్ళినవాళ్ళు కొందరు కొన్న వారానికే వచ్చి, "లేవలేకపోతున్నాం మేస్త్రీ, ఓ నాలుగంగుళాలు పెంచవా" అని బతిమాలేవాళ్ళు. "కుర్చీ కూర్చోడానికండీ, లేవడానికి కాదు" అనేవాణ్ణి. లోపం నా కుర్చీలో లేదు, మీ మోకాళ్ళలో ఉంది అని కూడా చెప్పేవాణ్ణి. ఆడలేక మద్దెల ఓడు అన్నట్టుంది వీళ్ళ వరస అని వెనకనుంచి నవ్వుకునేవాణ్ణి. అలా నవ్వుకుంటూ నవ్వుకుంటూ నేను కూడా ఓ రోజు నా కుర్చీలోంచి లేవలేకపోయాను.

ఆపరేషనైన ఐదో రోజున ఇంటికి తెచ్చారు. ఇంట్లో ముగ్గురం. మా ఆవిడ పోస్టాఫీసు కౌంటర్లో పనిచేస్తుంది. పొద్దున తొమ్మిదింటికి వెళ్తే సాయంత్రం ఆరింటికి గాని రాదు. నాకంటే ఆరేళ్ళు పెద్దదైన అక్క, బావ పోయాక మా ఇంటికొచ్చి ఉంటోంది. వచ్చి తొమ్మిదేళ్ళయింది. ఇక నేను, నా వాకరు.

మర్నాడు పొద్దున్నే కసరత్తులు చేయించే ఫిజియో అమ్మాయి వచ్చింది. నడుం దగ్గర తొంభై డిగ్రీలు దాటి వంగకూడదు, కాలు మీద కాలు వేసుకోకూడదు, పాదం లోపలికి తిప్పకూడదు, పడుకుంటే రెండు కాళ్ళ మధ్యా దిండు పెట్టుకోవాలి. ఇవి మూడు నెలలు పాటించకపోతే కొత్త కీలు జారిపోతుందని గట్టిగా చెప్పింది. "మీరు కూర్చునే సీటు మోకాలికంటే ఎత్తుండాలి అంకుల్" అని సంచిలోంచి టేపు తీసింది. ఇంట్లో పదకొండు కుర్చీలున్నాయి, పదకొండూ నా చేతివే. ఒక్కొక్కదాన్నీ కొలిచి పెదవి విరిచింది.

"ఎవరు చేశారంకుల్ వీటిని? మామూలు మనుషులే కూర్చుంటే లేవలేరు."

"ఎవరో" అన్నాను.

"వాడే" అంది వంటింట్లోంచి అక్క.

పదకొండు కుర్చీలున్న ఇంట్లో వడ్రంగి కూర్చోడానికి చోటు లేకుండా పోయింది. తాను తీసిన గోతిలో తానే పడ్డం అంటే ఇదే. నా గొయ్యి లోతు పద్నాలుగు అంగుళాలు. వాకరు పట్టుకుని హాలు మధ్యలో నిలబడి ఉండగా, అక్క పెరటి వరండాలోంచి రెండు ప్లాస్టిక్ కుర్చీలు తెచ్చింది. రెండూ ఒకదాంట్లో ఒకటి దూర్చి ఉన్నాయి. అలా దూరిస్తే సీటు ఎత్తవుతుంది, ఊగిపోకుండా గట్టిగానూ ఉంటుంది. పైగా చేతులున్నాయి. ఫిజియో కొలిచి, "సూపరాంటీ" అంది.

ఆ కుర్చీల గురించి నేను అన్న మాటలు ఇక్కడ రాయడం బాగుండదు. అక్క వాటిని కొనుక్కొచ్చిన రోజున, వడ్రంగి ఇంట్లో ప్లాస్టిక్ కుర్చీలేమిటి, నలుగురూ చూస్తే నా ముఖం ఎక్కడ పెట్టుకోను అని ఇల్లు పీకి పందిరేశాను. అందుకే అవి వరండాలో, బట్టల మిషను పక్కన ఉంటున్నాయి. ఇప్పుడు వాటిమీదే దర్జాగా కూర్చున్నాను. కూర్చున్నది మొదలు లేవలేదు. అంటే, ఆ కుర్చీలు మళ్ళీ వరండాకి వెళ్ళలేదు.

ఇక నా నొప్పి సంగతి చెప్పాలి. మొదటి నాలుగైదు రోజులు నిజంగానే నొప్పి. అబద్ధం చెప్పను. ఆ తర్వాత మాత్రం నొప్పి తగ్గుతూ వచ్చింది, రాగం పెరుగుతూ వచ్చింది. చిన్న మూలుగుకి మంచినీళ్ళు వచ్చేవి, ఓ మాదిరి మూలుగుకి దిండు సర్దేవాళ్ళు, "అమ్మా" అని గొంతెత్తితే టీవీ రిమోటు నడిచి వచ్చేది. ఇంత మంచి పనిముట్టు నలభై ఏళ్ళలో నా చేతికి రాలేదు. "ఈయన అరుపులు వింటే ఆపరేషన్ వీధి వీధంతటికీ అయిందనుకుంటారు వదినా" అని మా ఆవిడ ఆఫీసుకి వెళ్తూ అక్కకి చెప్పేది. అక్క నవ్వేది.

కసరత్తుల్లో కూడా నేను నిజాయితీపరుణ్ణేం కాదు. మడమ మంచం మీద ఆనించి వెనక్కి జరపడం పదిసార్లు చేయమంటే ఒకటి, రెండు, మూడు, ఏడు, పది అని లెక్కపెట్టేవాణ్ణి. షాపులో ఎవరైనా కొలత ఒక నూలు, అంటే అంగుళంలో ఎనిమిదో వంతు తప్పితే చెక్క విసిరికొట్టేవాణ్ణి నేనే.

రోజూ పొద్దున అక్క నా కాళ్ళకి బిగుతు మేజోళ్ళు తొడిగేది. రక్తం గడ్డకట్టకుండా ఆస్పత్రివాళ్ళిచ్చిన తెల్లటి మేజోళ్ళవి, మడమ దాటించేసరికి మనిషికి చెమటలు పడతాయి. నన్ను మంచం మీద పడుకోబెట్టి, తను నిలబడే తొడిగేది. తర్వాత, మా మరుగుదొడ్లో గొంతుక్కూర్చోవాలి గనక నాకోసం మంచం పక్కన వేసిన కమోడు కుర్చీ కింది డబ్బా తీసుకెళ్ళి కడిగేది. ఈ రెండు పనులూ చేస్తున్నంతసేపూ నేను నా రాగంలో ఉండేవాణ్ణి.

రెండో వారంలో మా షాపు పక్కన అద్దాలు కోసే నేస్తం చూడ్డానికొచ్చాడు. శ్రోత దొరికితే నేనాగుతానా? తుంటి ఎముకని రంపంతో కోశారన్నాను, గుంటని తొలిచారన్నాను, కొత్తదాన్ని సుత్తితో దిగ్గొట్టారన్నాను. అంతవరకూ నిజమే. "ప్రాణం పోయి వచ్చిందనుకో. పగవాడికి కూడా వద్దురా ఈ బాధ" అన్నాను. అప్పటికి నాకు పొద్దుటినుంచీ పెద్దగా నొప్పే లేదు. అక్క వంటింటి గుమ్మానికి ఆనుకుని వింటోంది. ఆమె ముఖం వాడిపోవడం చూసి, కథ బాగా పండిందని సంబరపడి ఇంకో రెండు దెబ్బలు కలిపాను.

మూడో వారం చివర ఫిజియో వచ్చి, నా చేత నాలుగడుగులు వేయించి, చుట్టూ చూసింది.

"ఆంటీ, నేనొచ్చినప్పుడల్లా మీరు నిలబడే ఉంటారేంటి? కాసేపు కూర్చోండి."

"నాకిలాగే బాగుంటుందమ్మా."

"కూర్చోక్కా, ఇన్ని కుర్చీలున్నాయి కదా" అన్నాను నేను, మహా ఉదారంగా.

అక్క నా వైపు ఒకసారి చూసి, దగ్గర్లో ఉన్న నా కుర్చీలో కూర్చుంది. ఫిజియో నాతో కసరత్తులు పూర్తి చేయించి బయల్దేరింది. సాగనంపడానికి అక్క లేవబోయింది. లేవలేకపోయింది. రెండోసారి ముందుకు వంగి తొడమీద చెయ్యి ఆనించి ప్రయత్నించింది. మూడోసారి ఫిజియో సంచి కింద పడేసి వచ్చి పట్టుకుంది. పైకి లేచేసరికి అక్క ముఖమంతా చెమట. నోట్లోంచి చిన్న శబ్దం కూడా రాలేదు.

ఫిజియో ఆమెని గుమ్మందాకా నడిపించి చూసింది. కాలు అటూ ఇటూ తిప్పి చూసింది. "ఈ ఇంట్లో పేషెంటు ఎవరంకుల్?" అని నన్నడిగింది.

మర్నాడు మా ఆవిడ సెలవు పెట్టి అక్కని ఆస్పత్రికి తీసుకెళ్ళి తుంటికి ఎక్స్‌రే తీయించింది. నాకన్నా అక్క కీలే ఎక్కువ అరిగిపోయింది, ఆలస్యం చేయకుండా మార్చాలి అన్నాడట డాక్టరు.

ఆ రోజంతా నేను ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఆలోచించాను. ఆలోచించడానికి కూడా ఆమె కుర్చీయే కావలసి వచ్చింది. తొమ్మిదేళ్ళ కిందట, మా ఇంటికొచ్చిన కొత్తల్లో, "ఒరేయ్, నాకో ఎత్తు కుర్చీ చేసిపెట్టరా" అని అక్క అడిగింది. ఆఫీసు గుమ్మం దగ్గర ప్యూను స్టూలులా ఉంటుంది, ఇంటి అందం పోతుంది అన్నాను. మళ్ళీ అడగలేదు. వెళ్ళి ఆ రెండూ కొనుక్కుంది. వాటిని నేను లాక్కున్న ఈ మూడు వారాలూ వంటగట్టు దగ్గర నిలబడే అన్నం తింది. ఒక్క మూలుగు లేదు. నాకు ఒళ్ళంతా సిగ్గేసింది.

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, వెంటనే షాపుకి ఫోన్ చేసి నాలుగు దిమ్మలు కోయించి, నా కుర్చీ ఒకదానికి కాళ్ళ కింద బిగింపించాను. మంచం మీదనుంచే అజమాయిషీ. వెనక్కి వాలు అలాగే ఉండిపోవడంతో అది గోడెక్కబోతున్న మేకలా తయారైంది. అక్క జాగ్రత్తగా కూర్చుని, జాగ్రత్తగా లేచి, "ప్లాస్టిక్‌దే నయంరా" అంది. మా ఆవిడ సాయంత్రం ఇంకో రెండు ప్లాస్టిక్ కుర్చీలు కొనుక్కొచ్చింది.

అసలు చిక్కు ఆపరేషన్ దగ్గరొచ్చింది. అక్క ససేమిరా వద్దంది.

"వీడి అరుపులు మూడు వారాలు విన్నాను. నన్ను కూడా కోయించుకోమంటారా? ఈ కుంటి కాలితోనే వెళ్ళిపోతాను, నన్ను వదిలేయండి" అంది.

మా ఆవిడ నావైపు తిరిగింది. "చూశారా మీ నోటి చలవ? డాక్టరు చెప్తే వినలేదు, నేను చెప్తే వినలేదు. మీరే భయపెట్టారు, మీరే పోగొట్టండి."

మర్నాడు పొద్దున అక్క మేజోడు పట్టుకుని వచ్చింది. నేను తేలు కుట్టిన దొంగలా కాసేపు పైకప్పు చూసి, గొంతు సవరించుకున్నాను.

"అక్కా, నాకంత నొప్పి లేదు."

"ఊఁ."

"మొదటి నాలుగైదు రోజులే. తర్వాతదంతా కొంచెం కల్పించాను."

"కొంచెమా?"

"చాలా. రిమోటు కోసం కూడా అరిచాను. అద్దాలవాడికి చెప్పిందంతా గొప్పకి చెప్పాను. మొన్నటికీ ఇప్పటికీ నేనెంత బాగా నడుస్తున్నానో నువ్వే చూస్తున్నావు కదా."

అక్క మేజోడు మడమ దాటించి, ఊపిరి తీసుకుంది. "తెలుసురా. నీకు పాలపన్ను ఊడితే మూడు వీధులవాళ్ళు పరిగెత్తుకొచ్చారు. నీ అరుపులో ఎంత తీసేయాలో నాకు తెలియదా?"

నేను తెల్లబోయాను. "మరి ఎందుకు వద్దంటున్నావు?"

ఆమె రెండో మేజోడు చేతిలోకి తీసుకుంది.

"నీకు నేను చేస్తున్నాను" అంది. "నీ పెళ్ళాం పొద్దున వెళ్తే సాయంత్రం వస్తుంది. నేను మంచానపడితే నాకెవరు చేస్తార్రా? ఆ డబ్బా ఎవరెత్తుతారు? ఈ మేజోడు ఎవరు తొడుగుతారు? నిన్ను కుర్చీ అడిగితేనే..."

అక్కడ ఆపేసింది. పూర్తి చేసి తిట్టినా బాగుండేది.

"నేను చేస్తాను" అన్నాను.

"నువ్వా?" అంది అక్క. నన్ను తలనుంచి కాళ్ళదాకా చూసి, రెండో మేజోడు తొడిగి వెళ్ళిపోయింది.

ఆవేళనుంచి కసరత్తులు పదంటే పది చేశాను, పొద్దునా సాయంత్రం కూడా. అరవలేదు. ఇల్లు నిశ్శబ్దంగా ఉండేసరికి మా ఆవిడ సెలవు రోజున రెండుసార్లు తొంగిచూసి, "బానే ఉన్నారా?" అని అడిగింది. మంచినీళ్ళు నేనే వంటింటిదాకా నడిచి వెళ్ళి తాగడం మొదలుపెట్టాను. డబ్బా మాత్రం ఇంకా అక్కే ఎత్తుతోంది. వాకరు పట్టుకున్న రెండు చేతులతో నేను దాన్ని ఎలా మోయాలో ఎంత ఆలోచించినా దారి దొరకలేదు. మేజోడు నేనే తొడుక్కుందామంటే, వంగి మోకాలి కిందకి చెయ్యి పోనివ్వకూడదు. ఇచ్చిన మాట నిలబెట్టుకోవడానికి ఆత్రం ఉంది గాని ఒళ్ళు లేదు.

ఆరో వారంలో నన్ను డాక్టరుకి చూపించాల్సి వచ్చింది. ముగ్గురం వెళ్ళాం. నా కాలు బాగుందన్నాడు. అక్కతో, "వచ్చే మంగళవారం ఖాళీ ఉందమ్మా, మీది చేసేద్దాం" అన్నాడు. నేనూ మా ఆవిడా అక్కవైపు చూశాం. ఒప్పుకోకపోతే ఆ కాలు ఇక పైకి లేవదని మాకు ముందే చెప్పారు.

అక్క నావైపు చూపించి, "వీడు ఎప్పటినుంచి కిందిదాకా వంగొచ్చు సార్?" అనడిగింది.

"మూడు నెలలు నిండాలి. ఇంకో ఆరు వారాలు."

"అయితే నాది ఇవాళ్టికి ఏడో వారంలో చేయండి."

"అన్నాళ్ళు ఈ నొప్పి ఎందుకమ్మా పడడం?"

"నాకు మేజోళ్ళు తొడగాల్సింది వీడు" అంది అక్క, ఎప్పుడో తేలిపోయిన సంగతి చెప్తున్నట్టు. "తొమ్మిదేళ్ళు ఆగాను, ఏడు వారాలు ఆగలేనా? వీణ్ణి వంగనీయండి."

డాక్టరు క్యాలెండరు తిరగేసి తేదీ రాసుకున్నాడు. మా ఆవిడ ఆ తేదీకి సెలవు గురించి ఏదో అంటోంది. నాకు ఏమీ వినబడలేదు. ఇంత చేశాక కూడా ఆమె నన్ను నమ్మింది. అందరి ముందూ కళ్ళమ్మట నీళ్ళు కారిపోయాయి.

అక్క తిరిగి చూసి, "ఇప్పుడెక్కడరా నొప్పి?" అంది.