ఆంటీ ఉపవాసమున్న సోమవారం

వరసగా నలభైకి పైగా టోర్నమెంట్లలో ఓడిపోయాక నాకు ప్రతిదీ శకునమే అయిపోయింది. నీలం చొక్కా వేసుకున్న రోజు మొదటి గంటలోనే బయటికొచ్చాను కాబట్టి నీలం చొక్కా మానేశాను. కిటికీ వైపు కూర్చుంటే కలిసిరావడం లేదని బల్లను గోడ వైపు తిప్పాను. అమ్మ ఇచ్చిన చిన్న బైబిలు లాప్‌టాప్ పక్కన పెట్టి చూశాను. అక్కడ పెట్టినందుకే ఓడిపోతున్నానేమోనని భయమేసి, మళ్లీ తీసి సూట్‌కేసులో దాచాను. ఇన్ని చేసినవాడు ఆస్ట్రేలియాలో అడిలైడ్‌కి మాస్టర్స్ చదవడానికి వచ్చాడు, పైగా వాడు ఫెయిలైన సబ్జెక్టు స్టాటిస్టిక్స్. నవ్వుకోండి.

ఆన్‌లైన్‌లో ఆడే పోకర్ అనే పేకాట టోర్నమెంటులో అందరికీ ఒకే లెక్కన చిప్స్, అంటే పందెం బిళ్లలు, ఇస్తారు. అవి అయిపోతే ఇంటికే. వేలమంది మొదలుపెడితే చివరికి మిగిలిన కొద్దిమందికే ఏదైనా దక్కుతుంది. ఎంత బాగా ఆడేవాడైనా ఎక్కువసార్లు ఓడిపోతాడు. ఇదంతా నాకు తెలుసు, నా రూమ్మేటుకి బోర్డు మీద గీసి మరీ చెప్పాను. కానీ మంచి ముక్కలు పట్టుకుని, అంతా సరిగ్గా చేసి, ఆఖరి ముక్క దగ్గర ఎవడో తలకుమాసినవాడి చేతిలో పోయినప్పుడు తెలిసినదేదీ పనికిరాదు. వెంటనే ఇంకో ఆట కావాలి, జరిగిన అన్యాయం సరిదిద్దడానికి.

రూమ్మేటుది కరీంనగర్. నా ఏడుపు విని విని ఒకరోజు విసిగిపోయాడు. "ఓడినప్పుడల్ల లక్కు లేదంటవ్ గని, గెలిచిన దినం లక్కు వల్లనే గెలిచిన్నని ఎన్నడన్న అన్నవారా?" అన్నాడు.

ఆ జూలైలో స్టాటిస్టిక్స్ పరీక్ష రెండోసారి రాయాల్సి వచ్చింది. సోమవారం మధ్యాహ్నం రెండింటికి, మాసన్ లేక్స్ క్యాంపస్‌లో. ఇదీ పోతే కోర్సులోంచి తీసేస్తామని యూనివర్సిటీవాళ్లు ఉత్తరం పంపారు. కోర్సు పోతే వీసా కూడా పోతుంది. ఆ ఉత్తరాన్ని ఒక్కసారే చదివాను, రెండోసారి చదివే ధైర్యం లేక. అదే సోమవారం పొద్దున్న ఎనిమిదిన్నరకు పెద్ద టోర్నమెంటు ఉంది. అమెరికాలో ఆదివారం సాయంత్రమంటే మాకు సోమవారం ఉదయం. పన్నెండు దాకా ఆడి లేచిపోదామనుకున్నాను. ఎప్పుడూ తొమ్మిదిన్నరకే ఓడిపోతాను కదా, అసలు ఇబ్బందే రాదని నా ధీమా.

శనివారం సాయంత్రాల్లో, మేముండే సాలిస్బరీలోనే మా పక్కవీధి ఆంటీ ఇంట్లో తెలుగువాళ్ల ప్రార్థన కూడిక జరిగేది. ఆంటీది భీమవరం దగ్గర. ఇక్కడ వృద్ధాశ్రమంలో పని. స్టూడెంట్లందరికీ వండిపెట్టే చెయ్యి ఆమెది. కూడిక చివర ఒక్కొక్కరూ తమ ప్రార్థన అంశం చెప్పాలి. నా వంతు వచ్చినప్పుడు, "సోమవారం కోసం ప్రార్థన చెయ్యండి" అన్నాను. పరీక్ష అనలేదు, ఆట అనలేదు. కావాలనే అలా వదిలేశాను.

"పరీక్షే కదా బాబూ. ఆ రోజు నేను ఉపవాసముంటాను," అంది ఆంటీ. "నువ్వు పేపరిచ్చేసి బయటికొచ్చేదాకా పచ్చి మంచినీళ్లు కూడా ముట్టను. షిఫ్ట్ మార్చుకుంటాలే, కార్లో నేనే దింపుతాను."

సిగ్గేసింది. సిగ్గుతోపాటు కాస్త ఊరట కూడా కలిగింది. ఆమె పస్తు రెండింటికీ పనికొస్తుందని లోలోపల లెక్క వేసుకున్నాను.

సోమవారం తొమ్మిదిన్నర దాటింది, నేను ఓడిపోలేదు. పది దాటింది, పదకొండు దాటింది. పన్నెండుకల్లా వందమంది లోపే మిగిలాం, అందులో నేనున్నాను. నోట్సు పక్కనే తెరిచి ఉంది, పొద్దుటి నుంచి అదే పేజీ. లేవాలి అనుకుంటున్నాను, కాళ్లు కదలడం లేదు. ఇన్ని నెలల తర్వాత ఇప్పుడు లేచిపోతే, ఈ అదృష్టం ఇక జన్మలో నా మొహం చూడదనిపించింది. ఆట ఆపడానికి వీల్లేదు, మనం లేచినా అది నడుస్తూనే ఉంటుంది.

ఒంటిగంటంపావుకి ఆంటీ ఫోన్ చేసింది. "బయటే ఉన్నాను బాబూ. కంగారుపడకుండా చదువుకుని రా."

పరీక్ష మొదలైన అరగంట దాకా లోపలికి రానిస్తారు. అంటే నాకింకా టైముందన్నమాట. "రెండున్నరకి మార్చారు ఆంటీ," అన్నాను. అంత తేలిగ్గా అబద్ధం ఆడగలనని నాకే తెలియదు.

రెండూ పదికి పందొమ్మిదిమందిమి మిగిలాం. నాకు రెండు రాజులు వచ్చాయి. ఉన్న చిప్సన్నీ తోసేశాను. ఎదుటివాడి దగ్గర ఒక ఆసు, ఒక చిన్న ముక్క. బల్లమీద నాలుగు ముక్కలు పడేదాకా నాదే పైచేయి. ఐదోది ఆసు, వాడికి రెండు ఆసులయ్యాయి.

నా ఆట అయిపోయింది. తలుపేసి, చెప్పుల్తోనే కారు దగ్గరికి పరిగెత్తాను. ఆంటీ కళ్లు లోపలికి పోయి ఉన్నాయి, పెదాలు ఎండిపోయాయి. దారిలో ప్రతి సిగ్నల్ దగ్గరా నా భుజం మీద చెయ్యేసి చిన్నగా ప్రార్థన చేసింది. నేను గడియారం వైపు చూస్తూ, ఆ ఐదో ముక్కనే తలుచుకుంటున్నాను.

హాలు దగ్గరికి చేరేసరికి రెండూ ముప్పై నాలుగు. తలుపు దగ్గరున్నావిడ వాచీ చూసి, తల అడ్డంగా ఊపింది. బతిమాలాను. సారీ అంటూనే తలుపు మూసింది.

కార్ పార్క్‌లోకి వెళ్లడానికి ధైర్యం చాల్లేదు. పక్క బిల్డింగులో రెండో అంతస్తు మెట్ల మీద కూర్చున్నాను. గోడంతా అద్దమే. కింద ఆంటీ కారు కనబడుతోంది. ఆమె తలమీద చున్నీ కప్పుకుని, స్టీరింగు మీద నుదురు ఆనించి ఉంది. పది నిమిషాల తర్వాత చూశాను, అలాగే ఉంది. గంట తర్వాతా అలాగే ఉంది. తర్వాతి నెలలో కాళ్లావేళ్లా పడి ఇంకో సెమిస్టరు అవకాశం తెచ్చుకున్నాను గానీ, ఆ మెట్ల మీద నాకు అదేం తెలుసు? ఇంటికి పంపించేస్తారన్న భయం ఒకవైపు, కిందున్న ఆ వంగిన తల ఒకవైపు. అన్ని నెలలుగా దురదృష్టం, దురదృష్టం అని ఏడ్చినవాణ్ని, ఆ రెండు గంటల్లో ఒక్కసారి కూడా ఆ మాట నోటికి రాలేదు.

నాలుగున్నరకి హాల్లోంచి పిల్లలు బయటికొస్తుంటే వాళ్లలో కలిసి వెళ్లాను. ఆంటీ అప్పటికే క్యారేజీ తీసి ఒళ్లో పెట్టుకుంది. పప్పూ అన్నం, గుడ్ల వేపుడు.

"ఎలా రాశావు బాబూ?"

"బాగా రాశాను," అన్నాను.

ఆమె కళ్లు మూసుకుంది. "ప్రభువా, ఈ బిడ్డ చేత పరీక్ష బాగా రాయించినందుకు నీకు స్తోత్రం..."

"రాయలేదు ఆంటీ," అన్నాను. కళ్లు తెరిచింది. అంతా చెప్పేశాను. పొద్దున్నుంచి పేకాట ఆడానని, టైము మారిందని చెప్పింది అబద్ధమని, లోపలికి రానివ్వలేదని. నా గొంతు నాకే అసహ్యంగా వినిపించింది.

"పేకాటా?" అంది. క్యారేజీ మూత మెల్లగా పెట్టేసింది.

"మరి ఇంతసేపూ ఎక్కడున్నావు?"

చెయ్యెత్తి ఆ రెండో అంతస్తు అద్దాలు చూపించాను. "ఆ మెట్ల మీద ఆంటీ."

తల పైకెత్తి అటు చూసింది.

"అక్కణ్ణించి నేను కనబడ్డానా?"

"కనబడ్డారు ఆంటీ," అన్నాను.