నాయన కట్టించిన ఆసుపత్రి

నాయన జీవితంలో ఒక్క లాటరీ టికెట్టుకైనా ప్రైజు తగలలేదు. తగిలింది లేదు గానీ తగలేసింది మాత్రం బాగానే ఉందని అమ్మ అనేది. అరవదేశం పట్నంలో, వాషర్‌మెన్‌పేట్‌లో ఒక జవుళి కొట్లో సేల్స్‌మన్ ఆయన. జీతం రోజున కొట్టు మూసి వస్తూ, తీగకు క్లిప్పులు పెట్టి వేలాడదీసిన టికెట్ల ముందు ఆగేవాడు. చీర అంచులు చూసే బేరగత్తె లాగా ఒకటొకటే తిప్పి చూసి కొనేవాడు. రాష్ట్ర ప్రభుత్వమే లాటరీ నడిపిన రోజులవి. తగిలితే మన ఇంటికి, తగలకపోతే సర్కారు చేసే మంచి పనులకు అనేది అప్పట్లో అందరి నోటా ఉన్న మాట. మిగతావాళ్ళు మొదటి సగం నమ్మారు. నాయన రెండో సగం నమ్మాడు.

అందుకే ఓడిపోవడంలో కూడా ఆయనకొక దర్జా ఉండేది. బస్సులో పోతుంటే ఏ వంతెనో, ఏ కార్పొరేషన్ బడో కనిపించగానే నన్ను మోచేత్తో పొడిచి, "చూడు, దాంట్లో నాలుగు ఇటికెలు మనవే" అనేవాడు. దొరల కాలంలోనే ఈ ఊళ్ళో లాటరీలు పెట్టి ఆ డబ్బుతో రోడ్లు బాగుచేశారట. పెద్దయ్యాక నేనెక్కడో చదివి చెప్తే పొంగిపోయాడు.

"అట్లయితే మీ ముత్తాత గూడా ఏదో ఒక రోడ్డు ఏసే ఉంటాడ్రా. లేకుంటే మన ఆస్తంతా ఏమయినట్టు?"

ఆ తర్వాత ప్రభుత్వం లాటరీలు మాన్పించింది. కూలి డబ్బులు ఇల్లు చేరడం లేదు, సంసారాలు వీధిన పడుతున్నాయి అని. నాయన మాత్రం, తను చందా ఇస్తుంటే వద్దన్నట్టు నొచ్చుకున్నాడు. టీకొట్ల దగ్గర దొంగచాటుగా మూడంకెల నంబర్ల లాటరీ రాసేవాళ్ళు పిలిచినా పోలేదు. "దాంతో ఎవుడు బడి కడతాడు?" అన్నాడు.

నేను ఇన్సూరెన్సు ఏజెంటుని. మొదటి పాలసీ ఇంట్లోనే అమ్ముదామనుకున్నాను. "ఎందుకా దండగ? సర్కారు ఆస్పత్రి ఉందిగదా, మనం కట్టిందే" అన్నాడు నాయన. బయట అమ్మినవి కూడా పెద్దగా లేవు గనక ఆయన్ని తప్పుపట్టలేను.

కిందటి ఏడాది అమ్మకు ఊపిరితిత్తుల్లో నీరు చేరింది. సర్కారు ఆసుపత్రిలో చేర్చుకున్నారు, మందులిచ్చారు, ఆక్సిజన్ పెట్టారు. మంచం మాత్రం లేదు. వరండాలో చాప. పడుకుంటే ఊపిరాడదు, కూర్చుంటే నడుము నిలవదు. తల వైపు పైకెత్తే మంచం దొరికితే కాస్త తెరిపిన పడుతుందని డాక్టరమ్మ చెప్పింది.

నాయన నేరుగా వార్డు అటెండరు దగ్గరికి పోయాడు.

"తంబీ, ఈ ఆస్పత్రి కట్టేదానికి నేను గూడా డబ్బు ఇచ్చినోణ్ణి."

"అప్పిడియా?" అట్లాగా అంటూ అటెండరు లేచి నిలబడ్డాడు. "డొనేషనా అయ్యా?"

"లాటరీ."

అతను మళ్ళీ కూర్చున్నాడు. సగం అరవం, సగం తెలుగు కలిపి, "గోడలకు ఇచ్చినారు, సెరి పెరియవరే, పెద్దాయనా. మంచాలకు గూడా ఇంకో రెండు టికెట్లు కొనుండాల" అన్నాడు.

వరండా అంతా నవ్వింది. అమ్మ కూడా ఊపిరి కూడదీసుకుని, "ఏమయ్యా, నువ్వు కట్టింది ఈ గచ్చేమో. సల్లగా బాగుండాది" అంది. ఆ తర్వాత నాయన ఇటికెల మాట ఎత్తలేదు.

మర్నాడు సాయంత్రం లోపల ఒక మంచం ఖాళీ అయింది. ఎలా ఖాళీ అయిందో ఎవరూ అడగలేదు. మా పక్క చాప మీద తిరుత్తణి వైపు నుంచి వచ్చిన మొగుడూ పెళ్ళాలున్నారు. ఆమెదీ అమ్మ జబ్బే. నర్సమ్మ ఇద్దరినీ చూసింది, ఇద్దరికీ ఒకేలా ఆయాసం. "ఒకటే ఉండాది. మీలో మీరు బిరాన తేల్చుకోండి" అని లోపలికి పోయింది.

"అన్నా, చీటీలు ఏసుకుందాం. ఎవురికీ బాధుండదు" అన్నాడు ఆమె భర్త. మందుల కవరు చింపి రెండు పేర్లు రాసి, మడిచి, టిఫిన్ గిన్నె మూతలో వేసి నాయన ముందు పెట్టాడు.

నాయన చెయ్యి చాచి, సగంలో ఆపేశాడు. "నా చేతికి ఇంతవరకూ ఒక్కటీ తగల్లేదురా. మీ అమ్మ చీటీ ఈ చేత్తో తీయలేను. నువ్వు తియ్యి."

రెండు క్యూలుంటే నేను నిలబడ్డదే ఆగిపోతుంది. అలాంటి నన్ను అదృష్టవంతుణ్ణి అనుకోవడం ఆయనకే చెల్లింది. తీశాను. అమ్మ పేరు వచ్చింది.

పక్క చాప మీదున్న ఆమే, "పో అక్కా, లేట్ చేస్తే ఇంకెవురన్నా వచ్చేస్తారు" అంది. నాయన మా చాప ఎత్తి, దులిపి, ఆమె చాప కింద రెండోదిగా పరిచాడు.

అమ్మ ఆ మంచం మీద ఎక్కువ రోజులు లేదు. ఒక పొద్దున కాఫీ ఫ్లాస్కుతో నేను వచ్చేసరికే పోయింది. స్ట్రెచర్ మీద తీసుకుపోతుంటే వెనకే నడిచాను. నాయన రాలేదు. తిరిగి చూస్తే మంచం ఇనప కమ్మీని రెండు చేతులా పట్టుకుని నిలబడి ఉన్నాడు.

"దా నాయనా, పోదాం" అన్నాను. ఎవరో ఒక ముసలాయన్ని నడిపించుకొచ్చి ఆ మంచం వైపు చూశారు. నాయన అడ్డం జరిగాడు.

"తమ్ముడూ," అని వరండా వైపు కేకేశాడు, తిరుత్తణి ఆయన్ని. "తొందరగా ఎత్తుకోని రా. నేను పట్టుకోనుండా."

అతను భార్యను ఎత్తుకొచ్చి పడుకోబెట్టి, తల వైపు పైకెత్తేదాకా ఆయన కమ్మీ వదల్లేదు. ముసలాయన గోడకు ఆనుకుని చూస్తూనే ఉన్నాడు. నాయన అటు తల తిప్పకుండా వచ్చి అమ్మ వెనక నడిచాడు.